విదేశవిద్యార్థి ఋణము

కొన్ని మాసముల క్రిందట మా పట్టణమున నొక చిన్న విద్యానిధి వారి కార్యనిర్వాహక సభలో నేను గూర్చుండి యుంటిని. బీదవిద్యార్థులను విదేశములకు బంపుటకై యీ నిధిని నెలకొల్పినవారు శ్రీమంతులు గారు. ఉపాధ్యాయులును, ఉద్యోగవిరమణ చేసిన గుమాస్తాలును, ఇద్దరు ముగ్గురు వైద్యులును. ఆనాడు చర్చకు వచ్చిన విషయ మొక్కటియే. నిధి సహాయమున మూడేండ్ల క్రిందట విదేశమున కేగిన యువకుడు చదువు ముగించి యచ్చటనే యుద్యోగమున జేరెను, ఉత్తరములు తగ్గెను. ఒక వృద్ధసభ్యుడు లేచి, ఇకమీదట బోవువాడు తిరిగి వచ్చి యైదేండ్లు స్వదేశమున బనిచేయుదునని పత్రము వ్రాసి యియ్యవలె ననియు, వ్రాయనివానికి దమ్మిడీయు నియ్యరా దనియు ప్రతిపాదించెను. పెక్కుమంది తల లూచిరి. నేనును ఊచితిని. ఇంటికి వచ్చిన పిదప నా రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పూర్వము మనవారి సంశయము వేరు. సముద్రయానము పాతకమని బౌధాయన ధర్మసూత్రమున గలదు. 1888లో గాంధీ లండనునకు బయలుదేరగా కులపెద్దలు ఆయనను వెలివేసిరి. ఆ భయము నేడు పూర్తిగా నశించినది. ప్రాయశ్చిత్తపు మాట యెత్తువాడే లేడు. పొలము తాకట్టు పెట్టియైనను కుమారుని, కుమార్తెను అమెరికాకు బంపువారు మన గ్రామములలో నెందరో యున్నారు. దాటుట తప్పా యను ప్రశ్న పోయి, తిరిగి రాకుండుట తప్పా యను ప్రశ్న వచ్చినది. మొదటి ప్రశ్నకు యుక్తితో జవాబు చెప్పగలిగితిమి. రెండవది యంత సులభముగ లేదు.

ఇతరుల ధనముతో విద్యార్థులను బంపుట మనకు క్రొత్త గాదు. 1845లో కలకత్తా వైద్యకళాశాల విద్యార్థులు నలుగురు తమ యాచార్యుడగు గుడీవు వెంట ఇంగ్లండునకు బోయిరి. అందిద్దరి వ్యయమును ద్వారకానాథ ఠాకూరు వహించెను. ఆ నలుగురిలో నొకడగు సూర్యకుమార చక్రవర్తి 1855లో వైద్యసేవా పరీక్షయందు గృతార్థు డయ్యెను. ద్వారకానాథుడో, 1846లోనే లండను నగరమున కాలధర్మము నొందెను. పంపినవాడు ఫలమును జూచి తీరవలెనను నియమ మెచ్చటను లేదు.

ఆయన మనుమడగు రవీంద్రుడు ఈ విషయమున మరియొక మెట్టు లోతునకు దిగెను. ఆయన 1906లో కుమారుని, మరుసటి యేట అల్లుని, వ్యవసాయశాస్త్రము నేర్చుటకై అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమునకు బంపెను. అల్లునికి వ్రాసిన లేఖలో నాయన చెప్పిన దాని సారాంశ మిది: నీ చదువునకు వ్యయమగుచున్న ధనము క్షామపీడితులగు రైతుల కూటిలోనిది, జమీందారు సొమ్మనగా రైతు సొమ్మే, నీవు తిరిగి వచ్చి వారి పిడికెడన్నమును కొంచెమైనను పెంచగలిగిన నాడే నా మనస్సునకు ఊరట. మామగారు అల్లునికి వ్రాయదగిన జాబేనా యిది యని కొందరికి దోచవచ్చును. నాకు మాత్రము, మన నిధిసభలో పలికిన మాటలన్నిటికంటె నీ జాబు ఋణస్వరూపమును జక్కగ నెఱిగినదిగా గనబడుచున్నది. అప్పిచ్చినవాడు చెక్కు వ్రాసినవాడు గాడు. ఆ చెక్కు వెనుక ముఖ మెఱుగని మనుష్యు లున్నారు. మనము బంపిన యువకుడు చదివిన ప్రభుత్వకళాశాలకు బన్ను కట్టినవారిలో, కళాశాల యెట్లుండునో చూడనివారే హెచ్చు. ఆ యువకుడు నిధికి సొమ్ము వడ్డీతో జెల్లించినచో మన లెక్క తీరును. వారి లెక్క తీరునా?

ఇంతవరకు వృద్ధసభ్యుని పక్షమే బలమైనట్లు తోచును. అయితే పత్రము వ్రాసి, దానిని మన్నించి, తిరిగి వచ్చినవాని గతియు జూడవలెను. 1913లో భీమరావు అంబేద్కరు బరోడా సంస్థానపు విద్యార్థివేతనముతో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున కేగెను. మరలి వచ్చి పదియేండ్లు సంస్థానమున గొలువు సేయుదునని ఒడంబడిక. 1917లో, లండనులో జదువు సగమున నుండగనే వేతనము గడువు తీరుటచే, ఆయన మాట చెల్లించుటకు బరోడా జేరెను. ఆ నగరమున నాయనకు గాపురముండ నొక గది దొరకలేదు. పారశీకుల సత్రమున మారుపేరుతో దిగి, కులము బయటపడగా, కఱ్ఱలు పట్టుకొని వచ్చినవారిచే వెడలగొట్టబడెను. కచేరిలో బంట్రోతులు కాగితములను చేతికియ్యక దూరమునుండి విసరుచుండిరి. కొన్ని దినములలోనే ఆయన బరోడా విడిచి పోయెను. ఒప్పందమును భంగపరచినవా డెవడు? ఆయన సంతకము చేసిన కాగితమున నాయన చేయవలసిన దంతయు వ్రాసి యుండెను. ఊరు ఆయనకు జేయవలసినది అందొక్క పంక్తియైన లేదు. నేడు తెలంగాణమున దళిత విద్యార్థుల విదేశవిద్యానిధికి ఆయన పేరే పెట్టిరి. పేరు పెట్టుట మంచిదే. గది యిచ్చుట యంతకంటె గష్టము.

ఇక నాకు నిద్రపట్టనీయని వృత్తాంతమునకు వత్తును. భీమవరమున 1895లో జనించిన యెల్లాప్రగడ సుబ్బారావు తన సోదరుల నిద్దరిని స్ప్రూ యను గ్రహణివ్యాధి కబళించుట జూచినవాడు. మదరాసులో వైద్యము చదివి, 1920 తరువాతి తొలియేండ్లలో అమెరికాకు బోయెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారి సహాయవాగ్దానమును, మామగారు కూర్చిన ద్రవ్యమును ఆయనకు ఆధారము. ఆ నాయకరు రంగూనులో వర్తకము చేసి గడించిన ధనమే యిట్లు మరియొక సముద్రమును దాటెను. సుబ్బారావు బోస్టనులో రాత్రులు ఆసుపత్రిలో గూలిపని చేసి, పగలు చదివి, హార్వర్డునందు ఫిస్కెతో గూడి రక్తమున భాస్వరమును గొలుచు పద్ధతిని 1925లో బ్రకటించెను. తరువాత లెడర్లీ పరిశోధనాలయమున నాయన నడిపిన కృషినుండి ఫోలిక్ ఆమ్లమును, 1947లో బోదకాలు క్రిమిని జంపు మందును, 1948లో ఆరియోమైసిన్ అను ఔషధమును లోకమునకు వచ్చినవి. ఆ 1948లోనే ఆయన న్యూయార్కులో మరణించెను. అమెరికా పౌరసత్వమును గొనలేదు. స్వదేశమునకు మరల రానులేదు.

మన వృద్ధసభ్యుని పత్రముప్రకార మాయన ఋణగ్రస్తుడుగనే పోయెను. కాని బోదకాలు గోదావరీమండలపు బీదలను బహుకాలము బాధించిన రోగము. 1955లో భారతప్రభుత్వము ఆ వ్యాధినివారణకు బూనినప్పటినుండి ఆయన మందే ముఖ్యసాధనము. ఆరోగ్యకార్యకర్తలు ఇంటింటికి బోయి పంచిన డి.ఇ.సి. మాత్ర లవియే. కాకినాడ ధర్మసంస్థ సాయముతో నోడ యెక్కినవాని పని, ఆ మండలపు చేనిగట్టున నిలిచిన కూలివాని యరచేతిలోనికి మాత్రయై తిరిగివచ్చినది. సోదరులను గొనిపోయిన గ్రహణికి ఫోలిక్ ఆమ్లము చికిత్స యైనది. ఐదేండ్ల కొలువుతో నింత చెల్లునా?

ఐనను ఈ కథను సాకుగ జేసికొనుటకు నే నొప్పుకొనను. అందఱును సుబ్బారావులు గారు. ఇంతకంటె గఠినమైన దొకటి కలదు. ఆయన పోవునప్పుడు భార్య గర్భవతి. పుట్టిన బిడ్డను ఆయన చూడలేదు. ఆ బిడ్డ శైశవముననే పోయెను. భార్యాభర్తలు మరల నొకరినొకరు గాంచలేదు. మాత్రలు ఆ యిల్లాలికి జెల్లింపు గావు. లోకమునకు దీర్చిన ఋణమును ఇంటి ఋణపు పద్దులో జమకట్టు లెక్క నాకు రాదు. కట్టువారిని నేను నమ్మను.

తరువాతి సభలో నా తలంపును జెప్పితిని. తిరిగి రావలెనను పత్రము వద్దు. ఏటేట తన పనిని దెలుపుచు నుత్తరము వ్రాయుటయు, తన వెనుక వచ్చువాని నొక్కని నిలబెట్టుటయు విద్యార్థి విధి. తిరిగి వచ్చినవానికి బసయు బనియు వెదకి పెట్టుట నిధి విధి. ఈ రెండును ఒక్క కాగితముననే యుండవలెను. వృద్ధసభ్యుడు “వాడు వ్రాయకున్న?” అని యడిగెను. “మనము వ్రాయుదము” అంటిని. ఆయన తృప్తి చెందలేదు. అయితే ఆయనయే మరియొక పంక్తిని జేర్పించెను: విద్యార్థి వివాహితుడైనచో భార్యతో నిధివారు స్వయముగ మాటాడి, ఆమె యెప్పుడు, ఎవరి వ్యయమున వెంట బోవునో ముందే తేల్చవలెనని. ఆ పంక్తి నా మనస్సునకు రానందుకు సిగ్గుపడితిని.

తీర్మానము స్వల్పాధిక్యముచే నెగ్గినది. మూడేండ్ల క్రిందట బోయిన యువకునికి జాబు వ్రాయు పనిని నాకే యొప్పగించిరి. రెండు పర్యాయములు వ్రాసి చించితిని; రెంటను సొమ్ము మాటయే ముందు వచ్చినది. ఈసారి వాని తల్లి కుశలముతో మొదలుపెట్టితిని.