అసలు రుచి ఎవరిది?

మా అబ్బాయి కాపురముండేది అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలో. ఎడిసన్ అనే ఊరి పేరు ఈ పత్రిక చదివేవాళ్లకు కొత్త కాదు. ఆ చుట్టుపక్కల మనవాళ్లు కిక్కిరిసి ఉన్నారు. అక్కడికి కారులో అరగంట దూరాన పాత ఇటలీవాళ్ల పేట ఒకటుంది. ఆ పేట మూలమీద ఒక చిన్న హోటలు. పన్నెండు బల్లలు, వాటిమీద ఎర్రగళ్ల గుడ్డలు, గోడకు నేపుల్సు సముద్రతీరం పటం, దాని పక్కన యజమాని తాతముత్తాతల ఫోటోలు. వైను అమ్మడానికి లైసెన్సు లేదు. ఆ రాష్ట్రంలో జనాభా లెక్కనుబట్టి లైసెన్సులిస్తారట, దాని వెల లక్షల డాలర్లు పలుకుతుందట. అందుకని తాగేవాళ్లు సీసా ఇంటినుంచే చంకలో పెట్టుకొస్తారు. నాకు ఆ అలవాటు లేదు గాని ఆ పద్ధతి మాత్రం నచ్చింది. హోటలుకూ బంధువుల ఇంటి వసారాకూ మధ్యస్థంగా ఉండేదా చోటు.

ఉన్న మూడు నెలల్లో నాలుగైదుసార్లు పోయాం. నేను మాంసం మానేసి చాలా ఏళ్లయింది, గుడ్డుకు అభ్యంతరం లేదు. నాకు కుదిరింది వంకాయ పార్మిజాన. వంకాయను పలుచగా బిళ్లలు కోసి, గుడ్డుసొనలో ముంచి, రొట్టెపొడి అద్ది వేయించి, టమోటా సాసూ చీజూ పొరలు పొరలుగా వేసి పొయ్యిలో కాలుస్తారు. మొదటి ముద్ద నోట పెట్టుకోగానే ఇదేదో తెలిసిన కాయే కదా అనిపించింది. తెలియకేం? వంకాయ మనవైపునుంచే అరబ్బుల చేతులమీదుగా సిసిలీ చేరిన కాయ.

ఒకసారి మావాడి ఆఫీసులో పనిచేసే కుర్రవాడొకడు మాతో వచ్చాడు. మిలాన్ నగరం అతనిది. మర్యాదస్థుడు. మెనూ కార్డు చూసి నవ్వాడు. స్పగెటీ మీద మాంసపు ఉండలు పెట్టుకుని తినేవాణ్ని తమ దేశంలో ఎక్కడా చూడలేదన్నాడు. కోడి పార్మిజాన పేరే వినలేదన్నాడు. ఆల్‌ఫ్రేడో సాసు అక్కడ ఎవరికీ తెలియదన్నాడు. "ఇది ఇటలీ తిండి కాదండీ, అమెరికా తిండి" అని తేల్చాడు. నీళ్లు పోస్తున్న ఆవిడ ఆ మాట వింది. అరవైయేళ్లుంటాయి, ఆ ఇంటి మనిషే. ఏమీ అనలేదు. కాని ఆమె ముఖంలో ఒక్క క్షణం కనబడినదాన్ని నేను వెంటనే గుర్తుపట్టాను. ఆ ముఖం నాకు తెలుసు. మా వియ్యాలవారి ఇంట మా ఇంటామె నోరు తెరిచినప్పుడల్లా ఆ ముఖం చూశాను.

మాది హోసూరు తాలూకాలో ఒక పల్లె. 1956లో రాష్ట్రాలను భాషలవారీగా పంచినప్పుడు మా తాలూకా మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. మా వియ్యంకులది గుంటూరు. చాలా మంచివాళ్లు. అయితే వియ్యంకుడు నవ్వుతూనే అంటాడు: "బావగారూ, మీరు మాట్లాడితే సినిమాలో అరవవాడు తెలుగు మాట్లాడినట్టుంటుందండీ." ఆయన మనసులో విషం లేదని నాకు తెలుసు. మేం 'ఉండాది' అంటే ఆ కాపురంలో అందరికీ నవ్వు. 'దుడ్డు' అంటే నవ్వు. 'అంగడి' అంటే మరీ నవ్వు. అంగడి పాత తెలుగు కావ్యాల్లో ఉన్న మాట. వాళ్లనే 'షాపు' ఏ కావ్యంలోనూ లేదు. దానికి మాత్రం ఎవరూ నవ్వరు!

ఇంతవరకూ అయితే నేనూ నవ్వి ఊరుకుందును. ఎనిమిదేళ్ల మనవరాలుంది. అవ్వ తెలుగులో ఏదడిగినా అది ఇంగ్లీషులోనే జవాబు చెప్పడం మొదలుపెట్టింది. ఎందుకమ్మా అని అడిగితే, "అవ్వది తప్పు తెలుగు కదా తాతా" అంది. గుంటూరు తాతగారి నవ్వులోంచి ఆ పిల్ల ఏరుకున్న అర్థం అది. ఒప్పు తెలుగు దానికి వచ్చా అంటే అదీ అంతంతమాత్రమే. తప్పు తెలుగు మానేసింది, ఒప్పు తెలుగు రాలేదు, మధ్యలో ఇంగ్లీషు మిగిలింది.

అందుకే ఆ మిలాన్ కుర్రవాడు అన్న మాట నన్ను ఊరికే వదల్లేదు. 'అసలుది' అని తీర్పు చెప్పే హక్కు ఎవరిది? పుట్టినచోట మిగిలినవాళ్లదా, పట్టుకుపోయినవాళ్లదా?

చరిత్ర చూస్తే అతని మాట సగమే నిలుస్తుంది. 1880కీ 1924కీ మధ్య దాదాపు నలభై లక్షలమంది ఇటలీనుంచి అమెరికా చేరారు. 1924లో చట్టం చేసి తలుపులు మూశారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది దక్షిణాదివాళ్లు. నేపుల్సు చుట్టుపక్కలా, కలాబ్రియాలో, సిసిలీలో భూమిలేని బీదలు. వాళ్లకు ఊళ్లో మాంసం పండగనాటి మాట. వంకాయ రోజూ ఉండేది. అమెరికాలో ఫాక్టరీ కూలి చేతికొచ్చేసరికి మాంసం అందుబాటులోకి వచ్చింది. వంకాయ ఉన్నచోట కోడిమాంసం పెట్టారు. గోలీలంత ఉండలు నిమ్మకాయలంత అయ్యాయి, విడిగా తినేవి వచ్చి స్పగెటీ మీద కూర్చున్నాయి. అది ఇటలీని మరిచిపోవడమా? ఇటలీలో ఉండగా పండగనాడు తినాలని కలగన్నదాన్ని ఆదివారం ఆదివారం తినడం, అంతే. ఊళ్లో వాళ్ల కోరిక ఏమిటో ఆ పళ్లెంలో ఉంది. మిలాన్‌లో అది లేకపోవడం వింతేమీ కాదు.

ఇంకో సంగతి. మిలాన్ ఉత్తరాది. అక్కడి పల్లెల్లో ఈ కుర్రవాడి ముత్తాతల కాలంలో బీదలు తిన్నది పొలెంటా, అంటే మొక్కజొన్నపిండితో కెలికిన సంగటి. అదొక్కటే తిని తిని పెలాగ్రా అనే రోగంతో వేలమంది చచ్చారు కూడా. టమోటా సాసు వేసిన పాస్తా వాళ్లకు పొరుగుదేశపు వంటతో సమానం. 1861లో ఇటలీ ఒక్క రాజ్యంగా ఏర్పడేనాటికి ఇప్పుడు ఇటాలియన్ అని మనం అనే భాష మాట్లాడగలిగినవాళ్లు నూటికి ముగ్గురని ఒక పండితుడి లెక్క, పదిమంది అని మరొకరి లెక్క. అసలుది అని చూపించడానికి ఒక్క ఇటలీ అప్పటికింకా తయారే కాలేదు. పట్టుకుపోయినవాళ్లు పట్టుకుపోయిన తరవాత వెనక ఉన్నవాళ్లు 'అసలు' తయారుచేసుకున్నారు. ఆల్‌ఫ్రేడో మాటా అంతే. రోమునగరంలో ఆల్‌ఫ్రేడో అనే హోటలు యజమాని వెన్నా చీజూ కలిపి చేసిన వంటకం అది. అమెరికావాళ్లు మీగడ పోశారు. పుట్టిన ఊళ్లో మరిచిపోతే తప్పెవరిది?

మన సంగతి దీనికి దూరం కాదు. మాలో చాలా ఇళ్లవాళ్లు విజయనగర రాజుల కాలంలో వచ్చామని చెప్పుకుంటారు. మిరపకాయ మన నేలకు పోర్చుగీసువాళ్లతో వచ్చింది 16వ శతాబ్దంలో. అంటే మా పెద్దలు కదిలేనాటికి ఎర్రటి ఆవకాయ గుంటూరులోనూ లేదు కాబోలు! మిరియాలు మూటకట్టుకుని వచ్చినవాళ్లను పట్టుకుని, మీకు ఆవకాయ కలపడం రాదేమండీ అని అడగడం ఏం న్యాయం? అచ్చమైన తెలుగు ఒకచోటే ఉందన్నమాట ఎంత నొప్పి పెడుతుందో తెలంగాణవాళ్లు మనకంటే ముందే, మనకంటే గట్టిగా చెప్పారు. వాళ్లకు 2014లో రాష్ట్రం వచ్చింది. మనకు రాష్ట్రం రాదు, అడగనూ లేదు. ఇంట్లో నోరు తెరవనిస్తే చాలు.

అయితే ఇక్కడ ఆగితే వాదం సుఖంగానే ఉంటుంది గాని నాకు తృప్తి లేదు. అన్నీ మారేవే, ఎవరిది వారికి అసలే అనుకుంటే ఇక అబద్ధమనేదే ఉండదు. అదే ఊళ్లో పెద్దరోడ్డు మీద ఒక కంపెనీవారి ఇటాలియన్ హోటలుకూ వెళ్లాను. పెద్ద హాలు, అవే ఎర్రగళ్ల గుడ్డలు, కొనుక్కొచ్చిన పాత ఫోటోలు. ఎవరి తాతలో ఎవరికీ తెలియదు. సాసు ఫాక్టరీలో తయారై సంచుల్లో వస్తుంది. వంటవాడి పని సంచి కత్తిరించడం. రుచికి ఢోకా లేదు, నిజం చెప్పాలంటే చిన్న హోటలుకంటే ఉప్పూ కారం సరిగా ఉన్నాయి. రెండుచోట్లా ఉన్నది మారిన తిండే. ఒకటి నిజమనీ రెండోది నకిలీ అనీ నాకెందుకనిపించింది?

చాలారోజులు ఆలోచించాను. చిన్న హోటల్లో డబ్బులపెట్టె పక్కన ఒక ముసలమ్మ కూచునేది, యజమాని తల్లి. సాసును ఆ ఇంట్లో 'గ్రేవీ' అంటారు. అది కూడా మిలాన్‌లో ఎవరికీ అర్థం కాని మాటే. మేమున్నప్పుడొకసారి కొడుకు గరిటెతో ఆ గ్రేవీ తెచ్చి చూపించాడు. ఆమె నాలికమీద వేసుకుని తల అడ్డంగా ఊపింది. "మా అమ్మ ఇంత తీపి చెయ్యలేదు" అంది. అరవైయేళ్ల మనిషి బడిపిల్లవాడిలా గరిటె పట్టుకుని వంటింట్లోకి తిరిగి పోయాడు. వాళ్లమ్మ కూడా వాళ్లమ్మ చేసినట్టు చేసి ఉండదు. అయినా ఆ బల్లదగ్గర 'ఇలా కాదు' అనగలిగిన మనిషి ఉంది. ఆమె కాదంటే మారాల్సినవాడున్నాడు. కంపెనీ హోటల్లో కాదనేవాళ్లు లేరు. అమ్మకాలు తగ్గితే లెక్కల గుమాస్తా కాదంటాడు.

నాకు తోచిందింతే. తప్పొప్పులు లేవని కాదు. తప్పుపట్టే హక్కు దాన్ని రోజూ వండేవాళ్లకూ, తినేవాళ్లకూ ఉంటుంది. మిలాన్ కుర్రవాడు ఆ సాసు తినడు, దాన్ని దిద్దడు. నవ్వి పోతాడు. నవ్వడం దిద్దడం కాదు. మా ఇంటామె మనవరాలి మాట దిద్దితే అది భాషను నిలబెట్టడం. వియ్యంకుడు మా ఇంటామె మాటకు నవ్వితే భాష ఆ పూటకు ఒక నోరు పోగొట్టుకుంటుంది.

నోళ్లు ఎలా పోతాయో కూడా ఆ పేటలోనే చూశాను. తిండి నిలిచింది, మాట నిలవలేదు. ముసలమ్మకు వాళ్లూరి యాస వచ్చు. కొడుక్కు తిట్లూ, తినుబండారాల పేర్లూ వచ్చు. అవి కూడా చివరి అచ్చు మింగేసి పలుకుతాడు. మనవలకు అవీ లేవు. రెండో ప్రపంచయుద్ధం నాటి మాట అడిగాను. 1942లో గోడలమీద పోస్టర్లు వేశారు, శత్రువు భాష మాట్లాడవద్దని. జర్మన్, జపనీస్ భాషలతోపాటు ఇటాలియనూ ఆ లెక్కలో పడింది. అమెరికా పౌరసత్వం లేని ఇటలీవాళ్లు ఆరు లక్షలమందికి శత్రుదేశస్థులని ముద్ర పడింది. బయటివాళ్ల బెదిరింపు ఒకవైపు. 'మీది అసలు ఇటాలియన్ కాదు, పల్లెటూరి యాస' అన్న స్వదేశీయుల నవ్వు ఒకవైపు. రెంటిలో ఏది ఎక్కువ చంపిందో చెప్పలేను. నాకైతే రెండోదానిమీదే అనుమానం ఎక్కువ, ఎందుకంటే బెదిరించేవాడి ఎదుట మూసిన నోరు ఇంటికొచ్చి తెరుచుకుంటుంది. మనవాడే నవ్వితే ఇంట్లో కూడా తెరుచుకోదు.

తిండికి ఒక సౌకర్యముంది, పరాయివాడు కూడా డబ్బిచ్చి తింటాడు. హోసూరు తెలుగును డబ్బిచ్చి కొనేదెవరు?

పోయిన వేసవిలో మనవరాలు ఊరికొచ్చింది. మా ఇంటామె పొయ్యిమీద ఎసరు పెట్టి రాగిపిండి పోసింది. తమిళులు కళి అంటారు, కన్నడిగులు ముద్దె అంటారు, మాకది సంగటి. పిల్ల తెడ్డు పట్టుకుంటానంది. ఉండలు కట్టింది. "అట్ల కాదే, ఒకే పక్కకు తిప్పు" అని అవ్వ చెయ్యి పట్టుకుని తిప్పించింది. వాసన తగిలి పిల్ల, "అవ్వా, బాగుంది" అంది. ఆగి, "బాగుంది అనాలా, బాగుండాది అనాలా?" అని అడిగింది.

"నాతో బాగుండాది అను. గుంటూరు తాతతో బాగుంది అను. ఇద్దరికీ తెలుస్తుందిలే" అంది మా ఇంటామె.

"మరి నాకు పిల్లలు పుడితే వాళ్లతో?"

అవ్వ తెడ్డు తీసి గిన్నె అంచుకు కొట్టి, నావైపు చూసింది.