పాత కారుకు న్యాయమైన ధర

కారు అమ్మాలనుకున్న ప్రతి వ్యక్తి మనసులోనూ ఒక ప్రశ్న మెదులుతుంది. "ఉన్న లోపాలన్నీ చెప్పేస్తే మంచి ధర వస్తుందా?" అని. రాదు, కొంత తగ్గుతుంది. ఆ తగ్గిన ధరే మన కారు అసలు ధర. లోపం దాచి అంతకుమించి రాబట్టిన సొమ్ము హలాల్ సంపాదనలో కలవదు.

దైవప్రవక్త (సఅసం) ఒకసారి ధాన్యపు రాశి పక్కగా వెళుతూ అందులో చేయి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వానకు తడిసిందన్నాడు అమ్మేవాడు. జనానికి కనబడేలా దాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు తన వాడు కాడన్నారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసును మనమంతా విన్నవాళ్లమే. వాన కురవడం ఆ వ్యాపారి తప్పు కాదు. తడిసిన గింజల్ని అడుగున ఉంచడమే తప్పయింది.

మరి కారులో ఆ తడి ఎక్కడుంటుంది? మీటరు వెనక్కి తిప్పించి తగ్గించిన కిలోమీటర్లలో ఉంటుంది. ప్రమాదంలో నలిగిన తలుపు మీద వేసిన కొత్త రంగులో, వరదలో మునిగిన బండికి మార్చిన సీటు కవర్లలో ఉంటుంది. "మెకానిక్కును తెచ్చుకొని చూసుకో, తర్వాత నాకు సంబంధం లేదు" అన్నంత మాత్రాన బాధ్యత తీరదు. సరుకులోని లోపాన్ని తెలుపకుండా అమ్మడం ముస్లింకు ధర్మసమ్మతం కాదని హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది. బ్రేకు సరిగా పట్టని బండిలో రేపు కూర్చునేది కొన్నవాడి భార్యాబిడ్డలు కదా!

అలాగని చవగ్గా వదులుకోనక్కర లేదు. అదే మోడలు, అదే సంవత్సరం బండి ఎంతకు పోతోందో నాలుగు చోట్ల విచారించండి. సర్వీసు రసీదులు చూపండి. టైర్లు కొత్తవైతే ఆ మాటా చెప్పండి, నిస్సంకోచంగా బేరమాడండి. అయితే "నిన్ననే ఒకాయన ఇంతకు అడిగి వెళ్లాడు" అని లేని గిరాకీని కల్పించడం అబద్ధమే. కొనే ఉద్దేశం లేని బావమరిదిని నిలబెట్టి ధర పెంచడాన్ని హదీసుల్లో 'నజష్' అన్నారు. అది నిషిద్ధం.

కొనేవారి సంగతీ చూద్దాం. హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) సేవకుడు ఒక గుర్రాన్ని 300 దిర్హములకు బేరం చేసి, డబ్బు ఇప్పించడానికి యజమానిని వెంటబెట్టుకొచ్చాడు. జరీర్ గుర్రాన్ని చూశారు. "నీ గుర్రం అంతకంటే ఎక్కువే చేస్తుంది, 400కు ఇస్తావా?" అని అడిగారు. అలా వంద చొప్పున పెంచుతూ పోయి, చివరికి 800 ఇచ్చి కొన్నారు. ప్రతి ముస్లిం మేలు కోరతానని దైవప్రవక్త (సఅసం)తో చేసిన ప్రమాణమే అందుకు కారణమన్నారు. ఈ ఉల్లేఖనాన్ని ఇమామ్ నవవీ (రహ్మ) పేర్కొన్నారు. ఆసుపత్రి ఖర్చుకు కారు అమ్ముకునేవాణ్ణి సగం ధరకు అడిగే మనవాళ్లు కూడా దీన్ని ఏదో ఒక జుమా ప్రసంగంలో వినే ఉంటారు. బేరం దగ్గర మాత్రం గుర్తుకు రాదు.

డబ్బు చేతికందగానే పని పూర్తి కాదు. కారు మీద బ్యాంకు అప్పుంటే ముందే తీర్చి, ఆ సంగతి కొనేవారికి చూపాలి. ఫారం 29, 30 మీద సంతకాలు చేయాలి. అమ్మకం రాష్ట్రంలోపలే అయితే 14 రోజుల్లో ఆర్టీవో కార్యాలయానికి తెలియజేయాలి. పేరు మారకముందు ప్రమాదం జరిగితే రికార్డులో ఉన్న యజమానిదే పరిహార బాధ్యత అని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. కొన్నవారు బద్ధకిస్తే మీరే వెంటపడి పేరు మార్పించండి.