పేరు అడిగిన ప్రభువు

ధ్యానభాగము: మార్కు సువార్త 5వ అధ్యాయము, 1 నుండి 20 వచనములు



గెరాసేనుల దేశములో సమాధుల మధ్య నివసించిన మనుష్యుని కథ మీరు ఎన్నోమారులు విన్నదే. అతడు రాత్రియు పగలును కేకలు వేయుచు, రాళ్లతో తన్ను తాను గాయపరచుకొనుచు తిరుగుచుండెను. ఆ ప్రాంతమువారు అతనిని పలుమారులు గొలుసులతోను కాలిసంకెళ్లతోను బంధించిరి. అతడు వాటిని తెంపివేసెను. మేము ఈ భాగమును బోధించునప్పుడు దయ్యములను గూర్చియు పందుల మందను గూర్చియు చెప్పుదుము గాని, ఆ గొలుసులు తెచ్చినవారిని గూర్చి చెప్పుట అరుదు. వారెవరు? దుర్మార్గులు కారు. బిడ్డలు గల తండ్రులు, ఆ త్రోవను పొలమునకు పోవు స్త్రీలు, పశువులు కాచుకొనువారు. వారు భయపడిరి, భయము వారి చేతికి గొలుసు నిచ్చెను. ప్రభువైతే గొలుసు తేలేదు. ఆయన అతని పేరు అడిగెను.

ఈ మాసము మేము మీ యెదుట ఉంచగోరు ప్రశ్న ఇది: మతి చెదరిన మనుష్యుడు వీధిలో నిలిచి మనలను భయపెట్టునప్పుడు, చట్టమును కాపాడువారు అతనితో ఎట్లు వ్యవహరింపవలెను? ఇది పోలీసువారి సంగతి, సంఘమునకేమి పని అని కొందరు అనవచ్చును. అట్లనుటకు మాకు హక్కు లేకుండ చేసిన సంగతి ఒకటి జరిగినది. దానిని దాచక చెప్పుదుము.

కొన్ని సంవత్సరముల క్రిందట, మా పరిచర్యలోనున్న అడవి అంచు పల్లె యొకదానిలో, ఒక విధవరాలి కుమారుడు పది దినములు నిద్ర లేక తిరుగుచుండెను. మిరపకోతలకు కూలికి పోవుచుండిన నెమ్మదైన పిల్లవాడు. ఎవరో తన్ను చంపవచ్చుచున్నారని అనసాగెను. మేము వెళ్లి ప్రార్థన చేసితిమి. ఆసుపత్రికి తీసికొని పొమ్మని మాత్రము చెప్పలేదు. పదునొకండవ రాత్రి అతడు గొడ్డలి పట్టుకొని చేతిపంపు నొద్ద నిలిచి, దగ్గరకు వచ్చినవారిని నరుకుదునని అరచెను. ఊరంతయు మేల్కొనెను. ఎవరో ఠాణాకు ఫోను చేసి, "గొడ్డలితో మనుషుల్ని నరుకుతున్నాడు" అని చెప్పిరి. అతడు ఎవరిని ముట్టలేదు. ఆ మాట అబద్ధమని తెలిసియు మేము దిద్దలేదు.

ఇద్దరు పోలీసులు వచ్చిరి. చిన్నవాడు లాఠీ ఎత్తి గద్దించెను. కుర్రవాడు గొడ్డలిని ఇంకను గట్టిగా బిగించెను. పెద్దవాడైన హెడ్డు కానిస్టేబులు అతనిని వెనుకకు పిలిచి, తల్లి నొద్దకు వచ్చి, "అమ్మా, పిల్లాడి పేరేంటి?" అని అడిగెను. తరువాత మోటారు సైకిలు దీపము ఆర్పించి, జనమును ఇండ్లలోనికి పంపి, గొడ్డలి అందనంత దూరములో నేలమీద కూర్చుండి, పేరుపెట్టి పలుకరించెను. "అన్నం తిన్నావా అయ్యా? నేనిక్కడే ఉంటా. నిన్నెవరూ ఏమీ చెయ్యరు." ఆ మాటలే మరల మరల చెప్పుచుండెను. గంటన్నర గడచెను. తుదకు కుర్రవాడు గొడ్డలి క్రింద పెట్టి నీళ్లు అడిగెను.

అప్పుడు మేమేమి చేసితిమి? ఊరివారితో కూడ, "కట్టేయండి" అంటిమి. "ఇచ్చేశాడు గదండీ, ఇంకెందుకు?" అని ఆ హెడ్డు అనెను. ఊరు వినలేదు, ఆయనయు తుదకు మెత్తబడెను. పశువును కట్టు పలుపు మా యింటినుండియే పోయెను. భద్రాచలము చేరువరకు అది అతని చేతులను కోసెను. ఆ రాత్రి ప్రభువు చేసిన పనిని చేసినవాడు మా మందిరమునకు ఎన్నడును రాని ఆ పోలీసు. గొలుసు తెచ్చినవారము మేము.

"గొడ్డలి గొడ్డలియే గదా అయ్యగారూ? వాడు నిజముగా నరికియుంటే?" అని మీరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. రోగి చేతిలోని గొడ్డలి దొంగ చేతిలోని గొడ్డలి కంటె మెత్తనిది కాదు. కాబట్టి బలము ఎన్నడును వాడరాదని మేము చెప్పుట లేదు. ప్రాణము పోవు సమయమున చేయి పట్టి ఆపుటయు ప్రేమయే కావచ్చును. అయితే ఆపుట వేరు, శిక్షించుట వేరు. ఆపు చేయి అపాయము తీరగానే విడిచిపెట్టును. శిక్షించు చేయి, గొడ్డలి క్రింద పడిన తరువాతను కొట్టును, కట్టును, ఈడ్చును. తెలిసి తప్పు చేసినవానిని సహితము శిక్షించువాడు న్యాయాధిపతియే గాని వీధిలోని లాఠీ కాదు. తాను చేయునది తెలియని రోగిని శిక్షించుట ఎట్లు తగును? మా పలుపు అపాయము తీరిన తరువాత వచ్చెను. అందుచేత అది కాపుదల కాదు, మా భయము తీర్చుకొన్న పగ.

రోమా పత్రిక 13వ అధ్యాయములో అపొస్తలుడు అధికారిని దేవుని పరిచారకుడనియు, మన మేలు కొరకు నియమింపబడినవాడనియు చెప్పుచున్నాడు. ఆ "మన" అను మాటలో మతి చెదరినవాడు ఉన్నాడా, లేడా? ఉన్నయెడల, ఆ రాత్రి ఠాణానుండి వచ్చినవారు ఊరిని కుర్రవాని నుండి కాపాడుటకు మాత్రమే రాలేదు. కుర్రవానిని అతని రోగమునుండియు, ఊరి భయమునుండియు కాపాడుటకును వచ్చిరి.

మన దేశపు చట్టము కూడ మెల్లమెల్లగా ఈ మాటకే వచ్చినది. 1912 నాటి చట్టము అట్టివారిని "అరెస్టు" చేయుమని చెప్పెను. 1987 నాటి చట్టము ఆ మాట తీసివేసి "రక్షణలోనికి తీసికొనుట" అనెను గాని, 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపుమనెను. 2018 మే 29 నుండి అమలులోనున్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, తన 100వ సెక్షనులో, ముందుగా వైద్యుని యొద్దకే పంపుచున్నది. మనోవ్యాధివలన తన్ను తాను కాపాడుకొనలేక తిరుగువానిని గాని, తనకో పరులకో అపాయము తెచ్చునట్లున్నవానిని గాని ఠాణా అధికారి రక్షణలోనికి తీసికొనవలెను. ఎందుకు తీసికొనుచున్నారో అతనికి చెప్పవలెను. ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా, 24 గంటలు దాటకుండ, దగ్గరి ప్రభుత్వ వైద్యశాలకు చేర్చవలెను. ఎట్టి పరిస్థితిలోను లాకప్పులో గాని జైలులో గాని ఉంచరాదు. అక్కడ చేర్చుకొనవలసినంత రోగము లేదని వైద్యుడు తేల్చినయెడల, ఆ పోలీసువారే అతనిని ఇంటికి చేర్చవలెను. తీసికొని పోయినవాడే తిరిగి తెచ్చి అప్పగింపవలెనను ఈ మాటలో మంచి సమరయుని నడవడి కొంత కనబడుటలేదా?

అయినను చట్టము కాగితముమీద నుండుట ఒకటి, రోడ్డుమీద నుండుట మరియొకటి. 2020 మే 16న విశాఖపట్నములో, నర్సీపట్నము ఆసుపత్రిలో మత్తుమందు వైద్యుడుగా పనిచేసి, మాస్కులు చాలవని మాటలాడినందుకు సస్పెండు చేయబడిన డాక్టరు సుధాకర్ గారిని పోలీసులు చేతులు వెనుకకు కట్టి రోడ్డుమీద ఈడ్చిరి. తరువాత ఆయనను మానసిక వైద్యశాలకు పంపిరి. ఆ దృశ్యమును రాష్ట్రమంతయు ఫోనులలో చూచెను. హైకోర్టు మే 22న సి.బి.ఐ. విచారణకు ఆజ్ఞాపించెను. మరుసటి సంవత్సరము మే నెలలో ఆయన మరణించెను. ఆయన మనఃస్థితిని గూర్చి ఇరుపక్షములవారును వేరువేరుగా చెప్పిరి. ఆ తీర్పు మాది కాదు. అయితే ఒక ప్రశ్న మాత్రము మిగిలియున్నది. ఆయన రోగి యైతే, ఆ త్రాడు ఏ వైద్యము? రోగి కాకపోతే, ఆ వైద్యశాల ఏ న్యాయము?

పోలీసులను మాత్రమే నిందించి తప్పించుకొనుటకు మనకు వీలులేదు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను పుకారు తెలంగాణ పల్లెలలో వ్యాపించినప్పుడు, నిరపరాధులు కొందరు జనుల చేతిలో దెబ్బలు తిని ప్రాణములు కోల్పోయిరి. అక్కడ కొట్టినవారు ఊరివారు. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ఆశ్రయమునకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడియున్న రోగులు లేచి పారిపోలేక 28 మంది చనిపోయిరి. దర్గా చెంత స్వస్థత దొరకునని కుటుంబములవారే వారిని అక్కడ విడిచిరి. ఏ మతమువారమైనను, ప్రార్థన పేరిట గొలుసు వేయుట నేడు నేరము. 2017 చట్టపు 95వ సెక్షను దానిని పూర్తిగా నిషేధించుచున్నది. ప్రార్థనకును మాత్రకును పగ లేదు. పౌలు తోడివాడైన లూకా వైద్యుడే గదా!

మన ప్రాంతమునకు వేరొక కష్టమున్నది. చర్ల, దుమ్ముగూడెము మండలములు దాటితే ఛత్తీస్‌గఢ్ అడవి. ఎన్నో ఏండ్లు ఇక్కడి జనులు తుపాకుల నడుమ బ్రదికిరి. రాత్రివేళ అడవిలో ఒంటరిగా నడచువాడు అనుమానితుడే. "ఎవర్రా, ఆగు!" అని కేకవేసినప్పుడు ఆరోగ్యవంతుడు ఆగును, చెవిలో వేరే స్వరములు వినుచున్నవాడు ఆగడు, పరుగెత్తును. 2005 తరువాత అల్లరులకు వెరచి ఇటు వలస వచ్చిన గుత్తికోయలలో తెలుగు రానివారున్నారు. కారణము చెప్పవలెనని చట్టము చెప్పుచున్నది. అతనికి తెలియని భాషలో చెప్పిన కారణము కారణమేనా? ఇక్కడ సంఘమునకు పనియున్నది. కోయభాష వచ్చిన విశ్వాసులారా, అట్టి రాత్రి మీ నాలుక ఒక ప్రాణమును కాపాడగలదు.

నోటిమాట ప్రాణమును కాపాడునని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము చూపుచున్నది. ఫిలిప్పీలో భూకంపమువలన చెరసాల తలుపులు తెరువబడినప్పుడు, ఖైదీలు పారిపోయిరనుకొని చెరసాల నాయకుడు కత్తి దూసి తన్ను తాను చంపుకొనబోయెను. అక్కడ మతి చెదరినవాడు అధికారియే. పౌలు ఆ చీకటిలోనుండి బిగ్గరగా పిలిచి, హాని చేసికొనవద్దనియు, తామందరు అక్కడనే యున్నామనియు చెప్పెను. అంతకుముందు తనకు కాళ్లు బొండలో బిగించినవానికే ఆ మాట చెప్పెను. పోలీసువారును మనుష్యులే, వారికిని భయమున్నది, నిద్రలేని రాత్రులున్నవి. మన ప్రార్థనలలో వారిని జ్ఞాపకము చేసికొందము.

కాబట్టి మేము నేర్చుకొన్నది మీకు చెప్పుదుము. మొదటిది, ఠాణాకు ఫోను చేయునప్పుడు నిజము చెప్పుడి: "ఇతడు రోగి, పేరు ఇది, తల్లి ఇక్కడనున్నది, చేతిలో ఇది యున్నది, ఎవరిని కొట్టలేదు." మనము చెప్పిన మొదటి మాటనుబట్టియే వచ్చువారి చేయి లాఠీమీదనో భుజముమీదనో పడును. రెండవది, గుంపు కూడనియ్యకుడి, ఫోనులలో చిత్రములు తీయకుడి. మూడవది, గొడ్డలి పట్టువరకు ఆగకుడి. నిద్ర పోయిన మూడవ రాత్రియే వైద్యుని యొద్దకు తీసికొని పొండు. 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. దానికి రాత్రింబగళ్లు ఉచితముగా మాటలాడవచ్చును. నాలుగవది, ఏ ఇంటనైనను రోగిని హింసించుట గాని విడనాడుట గాని కనబడినయెడల ఠాణాలో తెలియజేయుడి. 101వ సెక్షను ప్రతివానికిని ఆ త్రోవ తెరచియున్నది. అయిదవది, స్వస్థపడి వచ్చినవానిని పిచ్చివాడని పిలువకుడి. అతనికి పేరున్నది.

ఆ కుర్రవాడు మందులు వాడుకొనుచు బాగుపడి వచ్చెను. ఇప్పుడు మరల కూలికి పోవుచున్నాడు. ప్రభురాత్రి భోజనపు ఆదివారమున అతడు రొట్టె కొరకు చేతులు చాపునప్పుడు, మణికట్ల మీద ఆ పలుపు మచ్చ మాకు కనబడును. మేము అతనిని క్షమాపణ వేడితిమి. "ఆ రోజు ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తు లేదయ్యగారూ. ఒకాయన నన్ను పేరుతో పిలిచాడు, అదే గుర్తుంది" అనెను.

గెరాసేనుల దేశములో పేరు అడిగిన ప్రభువు, మన పల్లెలలో లాఠీ పట్టినవారికిని, త్రాడు తేవలెనని తొందరపడు మనకును అట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.