ఉద్దేశం మంచిదైతే చాలా?

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తింది. ఆ తర్వాత మళ్లీ వరద వస్తోందన్న వదంతి పుట్టింది. అధికారులు దాన్ని ఖండించవలసి వచ్చింది.

ఇలాంటి సందేశాన్ని వాట్సాప్‌లో పంపిన యువకుణ్ణి అడిగితే, “నలుగురినీ హెచ్చరిద్దామనే పంపాను. కర్మలు సంకల్పాలను బట్టే కదా!” అంటాడు. నిజమే, సహీహ్ బుఖారీలోని మొదటి హదీసు బోధ అదే. కాని సదుద్దేశం విచారణ బాధ్యతను తొలగించదు. భయం గొలిపే వార్త వస్తే చాటింపు వేయక బాధ్యులకు నివేదించాలని నిసా సూరా 83వ ఆయత్ నేర్పుతోంది. విచారించకుండా ఇతరులకు హాని చేసి, ఆనక పశ్చాత్తాపపడవద్దని హుజురాత్ సూరా 6వ ఆయత్ హెచ్చరిస్తోంది.

వదంతి విని చీకట్లో పరుగెత్తి ఒక వృద్ధురాలు పడిపోతే, ఆ గాయానికి మన సంకల్పం మందవుతుందా?

యువతీయువకులారా! పంపే ముందు కంట్రోల్ రూముకు ఫోన్ చేసి కనుక్కోండి. నిజమని తేలితే పంపడం సేవ. తేలకపోతే మౌనమే మేలు.