అడగడమా, అడుక్కోవడమా?

మా అక్క పెద్దకూతురు నిరుడు 36,000 రూపాయలు పోగొట్టుకుంది. పర్సులోంచి జారిపోలేదు, బస్సులో దొంగ ఎత్తుకుపోలేదు. కాలేజీ నోటీసు బోర్డు ముందు నిలబడి, చదివి, అర్థం చేసుకుని, గమ్మున ఇంటికి వచ్చేసింది. అంతే, పోయాయి.

మా అక్కావాళ్లది ఆళ్లగడ్డ. మేముండేది నంద్యాల. మధ్య దూరం నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆళ్లగడ్డకు రైలు లేదు కాబట్టి బస్సే గతి. పిల్ల పొద్దున్నే పాసు చేత పట్టుకుని ఎక్కితే చాలా రోజులు శిరివెళ్ల మెట్ట దాటేదాకా నిలబడే రావాలట. క్లాసులు తొందరగా అయిపోయిన రోజు మా ఇంటికొచ్చి భోంచేసి వెళ్తుంది. చదువులో చురుకే. ఇంటర్లో మంచి మార్కులొచ్చాయి.

అలాంటి పిల్లల కోసమే కేంద్రప్రభుత్వం వారి స్కాలర్‌షిప్పు ఒకటుంది. ఇంటర్ బోర్డులో 80 పర్సంటైల్ దాటి, ఇంటి ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షలు మించకపోతే, డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000 రూపాయల చొప్పున ఇస్తారు. దేశం మొత్తం మీద ఏటా కొత్తగా 82,000 మందికి. అందులో సగం ఆడపిల్లలకే కేటాయించారు, గమనించండి. కాకపోతే రెండు మెలికలున్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు లాంటిది వేరే ఏదీ తీసుకుంటూ ఉండకూడదు. మా బావది చిన్న ఎరువుల కొట్టు, ఆయన ఆదాయం రీయింబర్స్‌మెంటుకు ఎక్కువ, నిశ్చింతకు తక్కువ, కాబట్టి ఆ బాధ లేదు. రెండోది, మొదటి సంవత్సరంలోనే అర్జీ పెట్టుకోవాలి. ఆ గడువు దాటితే మరుసటేడు వెళ్లి కొత్తగా పెట్టుకుంటానంటే కుదరదు.

ఈ సంగతంతా నాకు మొన్న వేసవిలో తెలిసింది, పక్కింటావిడ కొడుక్కి వచ్చిందని ఆవిడ చెబితే. వెంటనే పిల్లను పట్టుకుని అడిగాను.

"నోటీసు పెట్టలేదామ్మా మీ కాలేజీలో?"

"పెట్టినారు చిన్నమ్మా. చూసినా."

"మరి?"

"వివరాలకు ఆఫీసులో అడగండని రాసినారు."

"అడగొచ్చు కదే!"

"ఎట్ల అడిగేది చిన్నమ్మా? లోపల సారు ఏందో రాసుకుంటా ఉండె. రెండు తూర్లు పోయి నిలబడినా. తలెత్తలే. వచ్చేసినా."

రెండుసార్లు వెళ్లి నిలబడిందట. ఆ మాట అంటున్నప్పుడు పిల్ల ముఖంలో బాధ కూడా లేదు. అది మామూలే అన్నట్టు చెప్పింది.

మావారు పేపరు మడిచి తీర్పు చెప్పేశారు. "వాళ్ల తప్పేముంది? నోటీసు పెట్టారు. దేవుడు నోరిచ్చింది దేనికి? అడగందే అమ్మయినా పెట్టదు." ఆ సామెత చెప్పేసి కాఫీ అడిగారు. కాఫీ అడగడానికి ఆయనకెప్పుడూ మొహమాటం లేదు లెండి.

నేనూ మొదట ఆయన మాటే అనుకున్నాను. కాఫీ కలుపుతుంటే ఓ పాత సంగతి గుర్తుకొచ్చింది, చెంచా చేతిలోనే ఉండిపోయింది.

ఈ పిల్లకు అప్పుడు ఆరేళ్లు. బంధువుల ఇంట్లో పెళ్లి. బంతిలో నా పక్కన కూర్చుంది. విస్తట్లో భక్ష్యం అయిపోయింది. వడ్డించే ఆయన ముందుకు వెళ్లిపోతుంటే "మామా, నాకింకొకటి" అని గట్టిగా పిలిచింది. ఎదురు బంతిలో మగపెళ్లివారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆకు కింద నుంచి చెయ్యి పోనిచ్చి తొడపాశం పెట్టాను. పిల్ల కిక్కురుమనలేదు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని తల వంచుకుంది. ఆ తర్వాత ఎవరింట్లోనూ నోరు తెరిచి ఏదీ అడిగి ఎరగదు. "ఎంత బుద్ధిమంతురాలమ్మా మీ పిల్ల" అని ఊరంతా మెచ్చుకుంటుంటే మా అక్క మురిసిపోయేది. నేనూ మురిసిపోయాను. పెంపకంలో నా చెయ్యి కూడా ఉందని గర్వపడ్డాను.

ఉంది, నిజమే.

మనలో ఎంతమంది ఆడపిల్లలకు తొడపాశం పెట్టలేదో చెప్పండి. చేత్తో పెట్టకపోతే చూపుతో పెట్టి ఉంటాం. ఈ పిల్ల తమ్ముడు అదే బంతిలో మూడు భక్ష్యాలు అడిగి వేయించుకున్నాడు. వాణ్ని చూసి అందరూ నవ్వారు. "మగపిల్లాడు, తిననీ" అన్నారు. పన్నెండేళ్లు, పదిహేనేళ్లు ఇలా పెంచి, కాలేజీకి పంపి, "నోరు లేదా నీకు?" అని మనమే కోప్పడతాం. నోరుంది. దానికి మనం వేసిన తాళం చెవి ఎక్కడ పెట్టామో మనకే గుర్తు లేదు.

మన భాషలో ఓ చిత్రం ఉంది, గమనించారా? అడగడం, అడుక్కోవడం. ధాతువు ఒకటే. తోక కొంచెం మారితే ధైర్యం కాస్తా దైన్యం అయిపోతుంది. ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో ఆడపిల్లకు ఎవరూ చెప్పరు. అందుకని అడగాల్సి వచ్చిన ప్రతిచోటా తను చెయ్యి చాస్తున్నాననే అనుకుంటుంది. తనకు హక్కుగా ఇవ్వవలసినదాన్ని అడుగుతున్నా సరే.

హక్కుగా అడగడమంటే ఏమిటో మన సీమ పెద్దలకు తెలుసు. ఈ జిల్లాలకు దత్తమండలాలని పేరుండేది. 1800లో నిజాం కంపెనీవారికి ఇచ్చేశాడు గనుక దత్తం. ఇచ్చేముందు ఈ ఊళ్లవాళ్లను ఎవరూ ఒక్క మాట అడగలేదు. (కన్యాదానంలో పిల్లను అడిగారా అంటే, అదీ అంతేననుకోండి.) ఆ పేరు మనకొద్దు, రాయలసీమ అందామని చిలుకూరి నారాయణరావుగారు ప్రతిపాదించింది మా నంద్యాల సభలోనే, 1928 నవంబరులో. 1937లో మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నప్పుడు నీళ్లతో పాటు అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం కావాలని కూడా పెట్టించారు. అలా అడగ్గా అడగ్గా 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర, 1981లో అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, 2008లో కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం వచ్చాయి. వాళ్లు అడుక్కున్నారని ఎవరమైనా అంటామా? మరి ఆ విశ్వవిద్యాలయం కింది కాలేజీలో ఓ పిల్ల ఒక కాగితం గురించి అడగడానికి ఎందుకు కుంచించుకుపోవాలి?

అన్నట్టు, కుచేలుడి కథను అందరూ కృష్ణుడి కథగా చెప్పుకుంటారు గానీ నాకది ఆ ఇల్లాలి కథగా కనిపిస్తుంది. ద్వారకలో మీ స్నేహితుడున్నాడు, వెళ్లి రండని చెప్పింది ఆవిడ. అటుకులు కొంగున ముడివేసి సాగనంపింది ఆవిడ. ఈయన వెళ్లాడు. ఒకే గురువు దగ్గర చదువుకున్నవాళ్లు కదా, సాందీపని ఇంటి కబుర్లన్నీ చెప్పుకున్నారు. వచ్చిన పని మాత్రం నోటితో అనకుండానే తిరిగొచ్చాడు. అవతల ఉన్నది కృష్ణుడు కాబట్టి సరిపోయింది. తల వంచుకుని రాసుకునే గుమాస్తా అయితే? కుచేలుడి పిల్లలు ఆ రాత్రీ పస్తే పడుకునేవారు. మనం ఆయన ఆత్మాభిమానాన్ని మెచ్చుకుంటూ ఉండేవాళ్లం.

అలాగని తప్పంతా ఆ గుమాస్తా నెత్తిన రుద్దడం న్యాయం కాదు. మా వీధిలో ఒక లెక్చరరుగారున్నారు, వేరే కాలేజీలో పని. ఆవిడతో ఈ గోడు వెళ్లబోసుకుంటే నవ్వి, "ఆరువందల మంది పిల్లలండీ. అడిగినవాళ్లకు నేను ఏనాడూ లేదనలేదు. ఇరవయ్యేళ్లు వస్తున్న పిల్లల నోట్లో ముద్దలు పెట్టమంటారా?" అన్నారు. మంచి మనిషే ఆవిడ. లైబ్రరీకి వచ్చిన పిల్లకు తన పేరు మీద కూడా పుస్తకాలు తీసిస్తారట. అబద్ధం చెప్పలేదు. అడిగినవాళ్లకు లేదనలేదు. అడగనివాళ్ల సంగతేమిటన్నదే నా బాధ. 1935లో పాతూరి నాగభూషణంగారు పడవలో పుస్తకాలు వేసుకుని కాలువ వెంట ఊళ్లకు తీసుకెళ్లారు. చదువుకునేవాళ్లు గ్రంథాలయానికే వస్తారులే అనుకుని ఊరుకోలేదు. పడవ అక్కర్లేదు, కొత్త సంవత్సరం మొదలైన వారంలో ఎవరైనా క్లాసులోకి వచ్చి, ఫలానాది ఉంది, ఫలానా గదిలో ఫలానావారిని కలవండి, భయపడకండి అని తెలుగులో అయిదు నిమిషాలు చెబితే చాలదా? ఇచ్చేవాడి బాధ్యత నోటీసు అంటించడంతో తీరిపోతుందంటే నా మనసు ఒప్పుకోవడం లేదు.

ఉన్నవేమో తక్కువ కాదు. ఇంజనీరింగు, డిప్లొమా చదివే ఆడపిల్లలకు ప్రగతి స్కాలర్‌షిప్పని ఏడాదికి 50,000 రూపాయలిచ్చే పథకం ఉంది, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా. స్వయం పాఠాలు ఫోనులోనే వినొచ్చు, వినడానికి పైసా ఖర్చు లేదు. జాతీయ డిజిటల్ లైబ్రరీ ఉంది. 1969 నుంచి ఎన్.ఎస్.ఎస్. ఉంది. ఇవన్నీ సరే, పోతే పోయాయి, డబ్బులూ పుస్తకాలూ ఇవాళ కాకపోతే రేపు సంపాదించుకుంటారు. నన్ను భయపెట్టింది ఇంకొకటి. కాలేజీలో ఆడపిల్లకు వేధింపు ఎదురైతే చెప్పుకోవడానికి ఒక కమిటీ ఉండాలని 2013లో చట్టమే వచ్చింది. ఆ కమిటీ పేర్లు కూడా బోర్డు మీద అంటిస్తారు. స్కాలర్‌షిప్పు కాగితం అడగలేక రెండుసార్లు వెనక్కి వచ్చేసిన పిల్ల, ఏదైనా జరగరానిది జరిగిన రోజు, ఆ గది తలుపు తడుతుందా? తట్టి, లోపల తల ఎత్తకపోతే, మూడోసారి నిలబడుతుందా? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా వేళ్లకు ఆ తొడ మెత్తదనం ఇంకా తెలుస్తూనే ఉంది.

ఈ ఏడు చిన్నది కూడా అదే కాలేజీలో చేరింది. దానికీ మార్కులు బాగానే వచ్చాయి. మా అక్క ఫోన్ చేసి, "నువ్వు నంద్యాలలోనే ఉంటివి కదమ్మే, ఒకసారి కాలేజీకి పోయి అడిగి రాకూడదా, అది అడగలేదు" అంది. సరేనన్నాను. చీర కూడా మార్చుకున్నాను. గుమ్మం దాకా వచ్చాక ఆగిపోయాను. నేను అడిగి పెడితే 36,000 వస్తాయి. కానీ ఎల్లకాలం దాని తరఫున అడగడానికి ఎవరుంటారు? పోనీ వెళ్లకుండా ఉంటే, అది కూడా అక్కలాగే నిలబడి వచ్చేస్తే? పిల్ల డబ్బుతో నేను నీతిపాఠం చెప్పడం ఏం న్యాయం? ఎటూ తేల్చుకోలేక పెద్దదానికి ఫోన్ చేశాను. "చెల్లెల్ని తీసుకుని ఆఫీసు దాకా వెళ్లు. నువ్వు బయట నిలబడు. అది లోపలికి వెళ్తుంది. గడువు దాటిపోయేలా ఉంటే నేనొస్తా" అన్నాను.

ఆ రోజు శ్రావణ శుక్రవారం. మధ్యాహ్నం ఇద్దరూ మా ఇంటికి వచ్చారు.

"ఏమైంది?"

"సారు ఎవరితోనో మాట్లాడుతా ఉండె. నిలబడినా. మళ్లీ నిలబడినా" అంది చిన్నది. "ఇది బయట నుంచి 'సార్ అనవే, సార్ అనవే' అని గొణుగుతా ఉండె. సార్ అంటి. చూసినాడు. రేపు రమ్మన్నాడు, ఆదాయం సర్టిఫికెట్ తీసుకుని."

"మరి రేపు?"

"పోతా."

ఇద్దరికీ పీటలు వేసి భక్ష్యాలు వడ్డించాను. చిన్నది రెండు తిని, "ఇంకొకటి చిన్నమ్మా" అని పళ్లెం ముందుకు జరిపింది. వేశాను. పెద్దదాని పళ్లెం ఖాళీ అయి చాలాసేపయింది. వేళ్లతో అంచు రాస్తూ కూర్చుంది. భక్ష్యం చేతిలో పట్టుకుని, అడుగుతుందేమోనని కాసేపు నిలబడ్డాను. తర్వాత వేసేశాను. నెయ్యి కూడా.