బడికి బోవు బిడ్డ చద్దిమూట

గృహస్థధర్మములను బోధించు గ్రంథములలో దానము, అతిథిపూజ, ఋణవిమోచనము మొదలైన పెద్దధర్మములు విపులముగా జర్చింపబడినవి. ప్రతిదినము ఉదయము వంటయింటి గట్టుమీద మూత తెఱచి యుండు చిన్న స్టీలుడబ్బాను గూర్చి మాత్రము పెద్ద లంతగా విచారించినట్లు కానరాదు. అందులో బిడ్డకు ఏమి పెట్టి పంపవలయునను ప్రశ్న వంటకు సంబంధించినదే గాని ధర్మమునకు సంబంధించినది కాదని పలువురి తలంపు. నా యభిప్రాయ మట్లు కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ఒకటవ తరగతి మొదలు అయిదవ తరగతి వఱకు ఏటికి 200 దినములును, ఆఱు మొదలు ఎనిమిది వఱకు 220 దినములును బడి నడువవలయును. లెక్క కట్టినచో ఎనిమిదేండ్లలో 1,660 మధ్యాహ్నములు బిడ్డ తల్లిదండ్రుల కన్నుల యెదుట గాక, తోడిపిల్లల కన్నుల యెదుట భుజించును. ఇన్ని మారులు జరుగు పని యేదైనను నీతికి వెలియై యుండజాలదు.

డబ్బా నింపు చేతిని మూడు శక్తులు నడుపుచుండును. మొదటిది బిడ్డ శరీరము. రెండవది ఇంటి సొమ్ము. మూడవది ఇంటి పరువు. ఈ మూటిలో మొదటిదాని కోరిక మిక్కిలి స్వల్పము. ప్రభుత్వము వారు బడిభోజనమునకు ఏర్పఱచిన కొలతలను జూడుడు: అయిదవ తరగతి లోపు బిడ్డకు పూటకు 100 గ్రాముల ధాన్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె, ఆపై ఎనిమిదవ తరగతి వఱకు 150 గ్రాముల ధాన్యము, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె. వీనివలన చిన్నవారికి 450 కెలొరీల శక్తియు 12 గ్రాముల మాంసకృత్తులును, పెద్దవారికి 700 కెలొరీలును 20 గ్రాముల మాంసకృత్తులును లభింపవలెనని వారి నియమము. సామాన్యగృహస్థుని సంచిలో నిత్యము నుండు వస్తువులే యివి. కావున శరీరమునకును సొమ్మునకును తగవు లేదు. అవి రెండును సులభముగా నొడంబడును. తగవు తెచ్చునది మూడవదియగు పరువే.

అది యెట్లు తెచ్చునో చూడుడు. బిడ్డ సాయంకాలము ఇల్లు సేరి, "అందఱును నూడిల్సు తెచ్చిరి, నేనొక్కడనే పెరుగన్నము తెచ్చితిని" అని మొగము ముడుచుకొనును. తల్లి మనసు కలుక్కుమనును. కూరగాయల యంగడిలో రెండు రూపాయలకై బేరమాడు తండ్రి మఱునాడు పది రూపాయల వేపుడు పొట్లమును మాఱుమాటాడక కొనును. ఆ పొట్లములో నున్నది తఱచుగా పిండి, నూనె, ఉప్పు మాత్రమే. అదే పది రూపాయలతో కొన్న వేరుసెనగగింజలు బిడ్డ కెక్కువ పుష్టి నిచ్చును. నూఱు గ్రాముల వేరుసెనగలో ఇంచుమించు 25 గ్రాముల మాంసకృత్తులుండును. అయినను వేరుసెనగకు మెఱుగుకాగితపు తొడుగు లేదు. మనము కొన్నది ఆహారమును గాదు, ఆ తొడుగును.

రొట్టెముక్కల నడుమ ఏదో యుంచి చేయు సాండ్విచ్చి విషయ మిట్టిదే. అది విదేశీయ మగుటచేత త్యాజ్యమని నేను వాదింపను. అట్లు వాదించువాడు మిరపకాయను, వేరుసెనగను, టమాటాను గూడ విడువవలసివచ్చును. ఇవన్నియు అమెరికా ఖండమునుండి వచ్చి మన వంటయిండ్ల కెక్కినవే. నా యభ్యంతరము వేఱు. మైదారొట్టె అన్నముకంటె ఖరీదైనది, పప్పుకంటె పుష్టి తక్కువైనది. లోపల నుంచిన కూర తడికి మధ్యాహ్నమునకు మెత్తబడి ముద్దయగును. ఇష్టముచే నెప్పుడో యొకనాడు పెట్టినచో దోషము లేదు. ఇంటి హోదాకు గుఱుతుగా నిత్యము పెట్టుటయే దోషము.

అయినచో నేమి పెట్టవలయునని గృహిణు లడుగుదురు. ధర్మము చెప్పి త్రోవ చెప్పకుండుట సగము పని. ఒకనాడు వేరుసెనగగింజలు దండిగా వేసిన పులిహోర. చింతపండు పులుపుచేత నది మధ్యాహ్నమువఱకు చెడదు. ఒకనాడు పొట్టుతీయని పెసలతో పోసిన పెసరట్టు, అల్లపు పచ్చడి. ఒకనాడు ఇడ్డెనలు, వానికి కొబ్బరిపచ్చడి పులియునుగాన, కందిపొడియు నువ్వులనూనెయు మేలు. ఒకనాడు తోటకూరయో మునగాకో వేసి గట్టిగా నుడికించిన పప్పు కలిపిన అన్నము. పెరటిలో మునగచెట్టున్న వారి కా యాకు వెల లేనిదే. తెలంగాణమునను రాయలసీమయందును జొన్నరొట్టె వాడుకగల యిండ్లలో దానిపై నువ్వులపొడి చల్లి చుట్టి పెట్టినచో చేతి కంటుకొనక తినవచ్చును. వేసవిలో పెరుగన్నము పులియునని వెఱచువారు, అన్నమును గోరువెచ్చని కాచినపాలతో కలిపి ఒక చెంచాడు పెరుగు మాత్రము చేర్చవలయును. బడిలో గంట కొట్టువేళ కది కమ్మగా తోడుకొనియుండును. గ్రుడ్డు తినువారికి ఉడికించిన గ్రుడ్డొకటి; తిననివారికి సెనగల గుగ్గిళ్లు. తీపి వలసినచో సున్నుండ, నువ్వుండ, వేరుసెనగ యుండ చాలును.

ఇందు మన పూర్వులు అనుభవముచే నెఱిగినదానిని నేటి శాస్త్రము కారణముతో జెప్పుచున్నది. బియ్యములో లైసీనను అంశము కొఱవడియుండును. పప్పులో నది సమృద్ధిగా గలదు. పప్పులో కొఱవడిన గంధకాంశము బియ్యములో గలదు. కావున పప్పును అన్నమును గలిసి యొకదాని లోటు నొకటి తీర్చుకొనును. ఆకుకూరలయందలి యినుము ఒంటికి పట్టవలెనన్న పుల్లని ఫలము తోడు కావలయును. కనుక డబ్బాప్రక్కన జామకాయ ముక్కో, అన్నముపై నిమ్మరసపు చుక్కయో యుండుట మేలు. భోజనము వెంటనే తేనీరు త్రాగుట యీ లాభమును చెఱచును. వేడి యాఱకముందే మూత బిగించినచో ఆవిరి నీరై యన్నము చెడునను మాట మన యమ్మమ్మ లెఱిగినదే. ఈ యేర్పాటులో ధనికుని యింట మాత్రమే సాధ్యమైనది యేదియు లేదు.

ఇక సిగ్గు మాట. బడిలో మధ్యాహ్నమున పిల్లల వరుసలను గమనించినవారికి డబ్బామూతను గోడవలె నడ్డముంచుకొని వంగి తిను బిడ్డ తఱచుగా కానవచ్చును. నే నట్టి డబ్బాలలో జూచినది జొన్నరొట్టెయు, పచ్చడియు, ఒకింత పప్పును. పుష్టిని బట్టి తూచినచో ఆ వరుసలో నదియే మొదటి స్థానమున నిలుచును. అయినను బిడ్డ దానిని దాచును. ఆహారమును జూచి సిగ్గుపడుట ఆ పసివానికి పుట్టుకతో రాలేదు. పెద్దల మాటలలో విని నేర్చినది. "వారింట నేమి తిందురో పాపము" అని యొకమారు, "ఆ వాసన యేమి" అని యొకమారు మన ముచ్చరించినవే బడిలో బాలుని నోట మరల బలుకును. తైత్తిరీయోపనిషత్తు అన్నమును తూలనాడకుండుటను ఒక వ్రతముగా విధించినది. ఆ వ్రతము మన యన్నమునకే గాక పొరుగువాని యన్నమునకును వర్తించును.

భాగవత దశమస్కంధమున గోపబాలకులు కృష్ణునితో గూడి చల్దులారగించిన ఘట్టము తెలుగువారికి మిక్కిలి ప్రియమైనది. ఆ బాలురకు ఆకులు, పూవులు, చెట్టుబెరడులు, ఱాలు పళ్లెరములు. ఎవని మూటలోని రుచి వాడు తక్కినవారికి జూపి నవ్వించెను. ఎవడును మూత నడ్డము పెట్టుకొనలేదు. దానిని భక్తితో జదివి కన్నులొత్తుకొనుచు, తన బిడ్డతో మాత్రము "ఎవ్వరికిని పెట్టకు, ఎవ్వరిదియు ముట్టకు" అని చెప్పి పంపు గృహస్థుడు ఆ గ్రంథమును జదివినట్లా, మోసినట్లా? రోగభయముచే నొకరి యెంగిలి యొకరు తినవలదనుట వేఱు. కులభయముచే నొకరి పంక్తి నొకరు కూడవలదనుట వేఱు. మొదటిది శుభ్రత. రెండవది శుభ్రతవేషము వేసికొన్న పాపము.

ఆడపిల్ల డబ్బాను గూర్చి ప్రత్యేకముగా జెప్పవలసియున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత గలదని తేలినది. అదే వయసు బాలురలో నూటికి 31 మందికి. ఈ భేదమునకు దేహధర్మము కొంత కారణము. అందుచేతనే బాలిక కెక్కువ పెట్టవలయును. మనయిండ్లలో ననేకచోట్ల జరుగునది దానికి విరుద్ధము: గ్రుడ్డు కుమారునకు, మిగిలిన కూర కుమార్తెకు, నలుగురి డబ్బాలు నింపిన తల్లికి గిన్నె యడుగు. ఒకే వంటయింట రెండు తక్కెడలుంచువారు అంగడివాని తూనికను నిందింప నర్హులా? తెల్లవాఱుజామున లేచి ఈ డబ్బాలన్నిటిని నింపుట స్త్రీకే విధింపబడిన ధర్మ మనుటకును నాకు శాస్త్రము కానరాదు. పదిరెండేండ్ల బాలుడు తన డబ్బా తాను నింపుకొనజాలును, కడుగుకొనజాలును. అతని తండ్రియు సెనగలు నానబెట్టజాలును.

అన్నిటికంటె కఠినమైన ప్రశ్న యింకొకటి గలదు. బడిలోనే భోజనము పెట్టుచుండగా, పెట్టగల గృహస్థుడు తన బిడ్డకు వేఱు డబ్బా పంపవచ్చునా? ఈ బడిభోజనము ఊరక వచ్చినది కాదు. 1920లో పిట్టి త్యాగరాయ చెట్టి అధ్యక్షుడై యున్నప్పుడు మద్రాసు నగరపాలక సంస్థ యొక బడిలో దీనిని మొదలిడెను. 1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వ పథకము వెలసినది. 2001 నవంబరు 28న సుప్రీముకోర్టు వండిన యన్నమే పెట్టవలయునని యాజ్ఞాపించినది. 2003 జనవరిలో నాటి యుమ్మడి ఆంధ్రప్రదేశమున నది యమలునకు వచ్చెను. 2004లో అదే న్యాయస్థానము వంటవారి నియామకమున దళితులకు ప్రాధాన్య మీయవలెనని చెప్పినది. దాని యుద్దేశము కడుపు నింపుట యొక్కటియే గాదు. ఒక పంక్తిని నిలుపుట. ఆంధ్రప్రదేశమున 2024లో ఈ పథకమునకు లంకల గన్నవరపు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. వచ్చినవాని యాకలిని మాత్రమే యడిగి యన్నము పెట్టిన యిల్లాలి పేరు మోయు పంక్తిలో కూర్చుండుటకు బిడ్డను వెనుదీయించుట యెంతటి విపరీతము!

"మాకు శక్తి యున్నది, పేదల భాగము మే మేల తినవలయు" నని కొందఱందురు. వినుట కిది త్యాగమువలె నుండును. కాని యచటి భోజనము హాజరైన బిడ్డల లెక్కను బట్టి వచ్చును. ఒకడు తినినందున వేఱొకనికి కొఱత గలుగదు. పైగా మాట చెల్లుబడియగు నింటి బిడ్డలు ఆ పంక్తిలో నున్నచో చారు నీళ్లబడినను, బియ్యము పురుగు పట్టినను అడుగువా రుందురు. వారు తొలగినచో మిగులువారు అడుగలేనివారే. "శుభ్రత లే"దను వారు, ఒకనాడు స్వయముగా బోయి వంట చూచి, రుచి చూచి, లోప మున్నచో ప్రధానోపాధ్యాయుని ప్రశ్నింపవలయును. అంతటి శ్రమ కోర్వనివారు శుభ్రతపేరు చెప్పి డబ్బా పంపుట న్యాయము కాదు. ఒంటికి సరిపడని బిడ్డయు, భోజనము పెట్టని బడిలోని బిడ్డయు డబ్బా తీసికొని పోవలసినదే. అట్టివారును అదే వరుసలో కూర్చుండి తినునట్లు చూడుడు.

చదువరులారా! డబ్బా మూసెడు ముందు బిడ్డ ఆకలికిది చాలునా, మన యాదాయమున కిది తగునా, దీనిని నలుగురి నడుమ మూత తీసి తినుటకు బిడ్డ జంకునా యని మూడు ప్రశ్నలు వేసికొనుడు. మొదటి రెంటికి సమాధానము వంటయింటిలో దొరకును. మూడవదానిని మాత్రము డబ్బాలోని పదార్థమును మార్చి సరిదిద్దవలదు. రాత్రి భోజనమువేళ పొరుగువారి కూటిని గూర్చి మన మాడు మాటలను మార్చి సరిదిద్దుడు.