బొగ్గును కనిపెట్టింది ఎవరు?

పోటీ పరీక్షల్లో ఒక ప్రశ్న అడుగుతారు: ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును కనిపెట్టింది ఎవరు? 1871లో భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ విలియం కింగ్ అని రాస్తే మార్కు వస్తుంది. ఆ జవాబు తప్పు కాదు. కానీ అంతకు ముందే భద్రాచలం పోయే యాత్రికులు నల్లరాళ్లతో పొయ్యి పెట్టుకుంటే రాళ్లే అంటుకున్నాయని ఒక కథ చెబుతారు. మనవాళ్లు ఇల్లెందును బొగ్గుట్ట అని పిలిచారు. చూసిన వాళ్లు ఎందరో ఉన్నా, కాగితం మీద రాసిన వాడి పేరే చరిత్రలో నిలిచింది.

తర్వాత హక్కులు కూడా కాగితం వెంటే నడిచాయి. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వుకునే హక్కు దక్కింది. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి అనే ఊరి పేరుతో కొత్త కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం అందులో ఎక్కువ వాటాలు కొన్నది. నేడు రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా. ఇన్ని చేతులు మారినా, ఆ నేల మీద బతికిన గూడేనికి వాటా రాలేదు.

బొగ్గు దేశమందరిదీ కదా, పైన నివసించే కొద్దిమందిదే ఎలా అవుతుంది అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆ బొగ్గుతో రైళ్లు నడిచాయి, కరెంటు వచ్చింది, వేలమందికి పని దొరికింది. అయితే లాభం అందరిదైనప్పుడు నష్టం కొందరిదే ఎందుకు కావాలి? చేను ఏటేటా పండుతుంది. గని ఒక్కసారే పండుతుంది. బొగ్గు అయిపోయాక కంపెనీ ఇంకో చోటికి పోగలదు, ఊరు పోలేదు. కాబట్టి తవ్విన వాళ్ల బాధ్యత చివరి బండి బొగ్గుతో తీరిపోదు. నీళ్లు, నేల మళ్లీ బతుకుకు పనికొచ్చేలా చేసి అప్పగించేదాకా అది అప్పే. 1997 సమత తీర్పులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతాల గనుల లాభంలో కనీసం 20 శాతం అక్కడి అభివృద్ధికి కేటాయించాలన్నది. అది దయ కాదు, బాకీ.

బాకీ అడగాలంటే లెక్క ఉండాలి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మట్టిగుట్టల కింద పోయిన చేల పేర్లు, వాగుల పేర్లు, ఇలవేల్పుల తావులు మీ ఊరి పెద్దలను అడిగి రాయండి. ఉపాధ్యాయ మిత్రులు దీన్ని పిల్లలకు సాంఘిక శాస్త్రం పాఠంగానే ఇవ్వవచ్చు. రేపు గ్రామసభలో మాట్లాడేటప్పుడు మన చేతిలోనూ ఒక కాగితం ఉంటుంది.